దవాఖాన గోడ మీద మా పొలాలు

నా ఉద్యోగ జీవితంలో నేను గీసిన అతి పెద్ద బొమ్మ ఏ బల్ల మీదా పట్టలేదు. మహబూబ్‌నగర్‌లో మా ఆఫీసు నడిమి గది నేలను కడిగించి, ఆరబెట్టి, ట్రేసింగ్ కాగితాలను అంచుకు అంచు అతికించి పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని గీశాను. మా ఇంటి మగవాళ్ళు దేవుడికి కూడా నిలబడే దండం పెట్టేవారు. నేను మాత్రం ఒక దవాఖాన కరెంటు బొమ్మ ముందు వారాల తరబడి మోకరిల్లాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు ఆ అవస్థ లేదు. ఎంత పెద్ద బొమ్మయినా తెరలో ఇముడుతుంది. కావాలంటే దగ్గరకు లాగుతారు, వద్దంటే దూరం నెడతారు. కాని దాన్ని కాగితం మీదికి తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టవలసి వచ్చినప్పుడు మీరూ ముక్కలు చేయక తప్పదు. నేను చెప్పదలచుకున్నది ఆ ముక్కల సంగతే.

కట్టడం నక్షా వేరు, నేను చెప్పే బొమ్మ వేరు. ఇందులో గోడలుండవు, తలుపులుండవు, కొలతలుండవు. కరెంటు ఎక్కడ బయలుదేరి, ఏ పెట్టెలో చీలి, ఏ గదికి చేరుతుందో గీతలుగా ఉంటుంది. స్కీమాటిక్ అంటారు. ఏది దేనికి చుట్టమో చెప్పడమే దాని పని. వంశవృక్షం లాంటిదని చెబితే మా ఇంట్లో వాళ్ళకు వెంటనే అర్థమైంది. వంశవృక్షం తప్ప మా ఇంట్లో అప్పటికి పెద్దగా మిగిలిన ఆస్తి కూడా లేదు.

మాది తిరుమలగిరి వైపు ఒక ఊరు. అక్కడ మాకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. నేను పుట్టేనాటికే దాని ప్రహరీ సగం కూలి, ఆ రాళ్ళు ఊళ్ళో చాలా ఇళ్ళకు పునాదులయ్యాయి. పొలాలు కొన్ని చట్టాల్లో పోయాయి, కొన్ని కోర్టుల్లో పోయాయి, కొన్ని మా తాత మర్యాదల్లో పోయాయి. నా వంతుకు వచ్చింది నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే. ఎనభైల్లో డ్రాఫ్ట్స్‌మన్ చదువు చదివి, నల్లగొండలో కొంతకాలం చేసి, మహబూబ్‌నగర్ ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీ ఎక్కాను. ఆ కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉండేది. అయినా మా వంశంలో స్వయంగా సంపాదించుకున్న మొదటి కుర్చీ అదే కాబట్టి, గడిలోని ఏ కుర్చీకన్నా నాకు అదే ఎక్కువ.

ఆఫీసు యజమాని ఒక ముసల్మాను ఇంజనీరు. అందరం సాబ్ అనేవాళ్ళం. ఆయన నన్ను దొరా అని పిలిచేవారు. అందులో ఎగతాళి ఎంతో, మర్యాద ఎంతో నేను విడదీయలేదు. మొత్తం మర్యాద కిందే జమ కట్టుకున్నాను.

తొంభైల నడుమ మాకు అచ్చంపేట దారిలో కొత్తగా కడుతున్న ఒక దవాఖాన పని వచ్చింది. ఇది బాగా చేస్తే అలాంటివి మరో రెండు మాకే ఇస్తామని ఆరోగ్య శాఖవాళ్ళు మాటిచ్చారు. కాని ఒక షరతు. బొమ్మలు కంప్యూటర్లో ఉండాలి, ఫైలులో పట్టే షీట్లుగా ఉండాలి. సాబ్ ఒక కంప్యూటరు తెచ్చి, దాని మీద పని నేర్చిన ఒక అమ్మాయిని కూడా తెచ్చారు. ఆమె ఆత్మకూరు దగ్గర గొర్రెల మందలున్న ఇంటి పిల్ల. పట్నంలో కోర్సు చదివి వచ్చింది. నోటికి మూత లేదు.

మొదటి రోజు ఆమె చెప్పులు విడిచి, నేల మీద పరిచిన నా బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"సార్, గింత పెద్దది ఎవరు చూస్తరు?"

చూడవలసినవాళ్ళు చూస్తారన్నాను.

"మేస్త్రి నిచ్చెన మీదికెక్కి చూడాలె గద సార్. ఒక చేతుల వైరు, ఒక చేతుల గీ చాప."

నా బొమ్మను చాప అన్న మొదటి మనిషి ఆమె. చివరి మనిషి కాలేదు. ఆ సాయంత్రం నుంచి సాబ్ కూడా చాప అనడం మొదలుపెట్టారు.

బొమ్మను కొయ్యడానికి నేను ఒప్పుకోలేదు. దవాఖాన అంతా ఒక్క చూపులో కనబడాలన్నది నా వాదన. ముక్కలు చేసిన తర్వాత ఏ ఆస్తి గతి ఏమవుతుందో నాకు తెలిసినంత ఆ గదిలో ఎవరికీ తెలియదు. సాబ్ ఓపికగా విని, "కోసేది నువ్వు గాదు దొరా, మిషిను" అన్నారు. దాంతో నా గౌరవానికి భంగం లేకుండా పని నడిచింది.

పద్ధతి ఇది. ఒక్కో విభాగానికి ఒక్కో షీటు. గీత షీటు అంచుకు వచ్చి తెగిపోయిన చోట, ఇది ఫలానా నంబరు షీటులో కొనసాగుతుందని పక్కన రాయాలి. షీట్లను ఏ వరసలో పెట్టాలో నిర్ణయించే పని నాది. పెళ్ళి బంతిలో ఎవరి తర్వాత ఎవరు కూర్చోవాలో చూసిన ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి, ఇక్కడా మర్యాద ప్రకారమే పెట్టాను. కరెంటు అంతా బయలుదేరే ప్యానెల్ బోర్డు మొదట. తర్వాత పెద్ద డాక్టరు గది, ఆపరేషన్ గది, వార్డులు, వంటిల్లు. అన్నిటికంటే చివర శవాల గది. అంతా కుదిరిందని ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు శాఖ నుంచి కబురు వచ్చింది. కాన్పుల గది ఒకటి కలపాలన్నారు.

ఇంకెక్కడైనా అయితే ఆ షీటును చివర కలిపేసి చేతులు దులుపుకునేవారు. మా దగ్గర అలా జరగలేదు. అమ్మాయి చివర పెట్టబోయి తనే చెయ్యి ఆపింది. శవాల గది తర్వాత కాన్పుల గదా అని నా వైపు చూసింది. నేను సాబ్ వైపు చూశాను. ఆయన రెండు చెవులూ ముట్టుకుని, తోబా అన్నారు. వైరింగ్ మేస్త్రి అచ్చంపేట మనిషి, ఆ రోజు ఏదో పని మీద ఆఫీసుకు వచ్చి ఉన్నాడు. అట్లాంటి కాయిదం పట్టుకుని తాను నిచ్చెన ఎక్కనన్నాడు. ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం లేని మా నలుగురికీ ఆ ఒక్క విషయంలో మారుమాట లేకపోయింది. పుట్టుక ముందుండాలి, చావు చివరుండాలి. కాన్పుల గదిని మూడో షీటుగా, ఆపరేషన్ గదికి ముందు చేర్చాం. కంప్యూటరు వెనక ఉన్న షీట్ల నంబర్లన్నిటినీ తనంతట తానే ఒక్కో మెట్టు జరిపింది. ఎంత తెలివైన యంత్రమో అని ఆ రోజు నేను కూడా మెచ్చుకున్నాను.

కొన్ని నెలల తర్వాత కరెంటు ఇచ్చి చూసే రోజు వచ్చింది. శాఖ పెద్ద ఇంజనీరు తనిఖీకి రావడానికి ఇంకా వారం ఉంది. మేస్త్రి వరండాలో ప్యానెల్ బోర్డు దగ్గర నిలబడ్డాడు, పక్కన నేను. సాబ్‌కు మొదటి దీపం కాన్పుల గదిలో వెలగాలని కోరిక. అందుకని ఆయన, అమ్మాయి ఆ గదిలోకి వెళ్ళి నిలబడ్డారు. మేస్త్రి కాన్పుల గది స్విచ్చు వేశాడు. లోపల ఏమీ వెలగలేదు. మళ్ళీ తీసి వేశాడు. ఏమీ లేదు.

ఇంతలో కట్టడానికి కాపలా ఉండే ముసలాయన ఆ చివర నుంచి వేగంగా నడిచి వచ్చాడు.

"సార్, శవాల గదిల ఫ్యాను తిరుగుతాంది. లోపట ఎవ్వలు లేరు."

ఆ తర్వాత ఒక్కొక్కటే వేసి చూశాం. ఆపరేషన్ గది స్విచ్చు వేస్తే కాన్పుల గది వెలిగింది. వార్డుల స్విచ్చుకు ఆపరేషన్ గది, వంటింటి స్విచ్చుకు వార్డులు, శవాల గది స్విచ్చుకు వంటిల్లు వెలిగాయి. మేస్త్రి ముఖం నల్లబడింది. "కాయిదం ఏం చెప్పిందో గదే చేసిన సార్. మూడో షీటుకు ఇద్దరు దావేదార్లు వచ్చిండ్రు. ఒకదానికిచ్చి, మిగిలిన వైరును మిగిలిన గదికి ఇచ్చిన" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

అమ్మాయి వరండాలోనే కూర్చుని షీట్లు తిరగేసింది. చివరికి చెప్పింది. షీటు మూల ఉన్న నంబరును కంప్యూటరు జరిపింది. కాని గీతల పక్కన మేము రాసుకున్న నంబర్లు దాని దృష్టిలో ఉత్త అక్షరాలు. అవి ఉన్నచోటే ఉండిపోయాయి. ప్యానెల్ దగ్గర ఆపరేషన్ గది గీత మూడో షీటుకు పొమ్మంటూనే ఉంది. మూడో షీటులో ఇప్పుడు కాన్పుల గది కూర్చుని ఉంది. చివరి షీటుకు జరిగిన శవాల గదికి పొమ్మనే గీత ఒక్కటీ లేక, కాన్పుల గది కోసం వేసిన వైరే దానికి మిగిలింది.

కాన్పుల గదికి శవాల గది గాలి సోకకూడదని మేం షీట్లు జరిపాం. ఆ జరపడం వల్లనే వైరు వెళ్ళి తిన్నగా ఆ రెండింటినీ ముడివేసింది. ఇది ఆలోచించి సాబ్ మొదట నవ్వారు. తర్వాత అక్కడున్న సిమెంటు బస్తాల మీద కూర్చున్నారు.

"దొరా, పెద్ద ఇంజనీరు వచ్చేవరకు గిది సక్కగ కాకపోతే వచ్చే రెండు దవాఖానలు పట్నం కంపెనీకి పోతయి. గప్పుడు మన నక్షాల గది బంద్ పెట్టుడే. నిన్ను, గా పిల్లను ఏం జెయ్యాలె నేను?"

ఆయన గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది. చెయ్యి విరిగిన నా కుర్చీ కళ్ళముందు కదిలింది. మా వాళ్ళు ఎన్నో పోగొట్టుకున్నారు. అవన్నీ వాళ్ళు కూర్చుని తిన్నవి. ఇది నేను నిలబడి సంపాదించింది.

బోర్డు మీద పేర్లు మార్చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఆపరేషన్ గదికి పోయే వైరు లావు వేరు, వార్డుల వైరు లావు వేరు. విప్పి మళ్ళీ కలపవలసిందే. అందుకు మేస్త్రికి సరైన షీట్లు కావాలి. మరుసటి రోజు అమ్మాయి, నేను కూర్చుని గీతగీతకూ నంబర్లు సరిచేశాం. దాదాపు పూర్తయింది. అప్పుడు సాబ్ ఫోను పెట్టేసి మా గదిలోకి వచ్చి, డాక్టర్లు రక్తం దాచే గది ఒకటి కలపమంటున్నారని, దాన్నీ ఈ వారంలోనే అమర్చాలని చెప్పారు.

అమ్మాయి మెల్లగా, "శవాల గది ఎనుక రక్తం గది పెడదామా సార్?" అంది. ఆమెకూ జవాబు తెలుసు. మధ్యలో పెడితే నంబర్లన్నీ మళ్ళీ జరగాలి. ఇక మేస్త్రి సంగతి. మళ్ళీ నంబర్ల కాయిదమే అయితే దాన్ని బీడీ అంటించుకోవడానికి వాడతానని అతను కబురు పంపాడు.

అప్పుడు నాకు మా తాత గుర్తుకొచ్చాడు.

ఆయన కాలంలో పొలాలకు కొత్త సర్వే నంబర్లు వచ్చాయి. ఆయన వాటిని నేర్చుకోలేదు. నంబరు పెట్టి పిలవడానికి అవి జైల్లో ఖైదీలా అన్నాడట. తహశీలుదారు ముందు కూడా పొలం పేరే చెప్పాడు. ఏ నంబరు అని అడిగితే, ఆ పేరు గలది లోకంలో అదొక్కటే, మీరే వెతుక్కోండి అన్నాడు. ఆ పంతంతో ఎన్ని ఎకరాలు చేజారాయో మా బాపు, అంటే నాన్న, ఎప్పుడూ కోపంగా చెప్పేవాడు. తాతను నేను కూడా మనసులో చాలాసార్లు తప్పుబట్టాను. ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన మాటలో నాకు దారి కనబడింది. నంబరు పక్కవాడు జరిగితే జరుగుతుంది. పేరు జరగదు.

"షీటు నంబర్లు రాయొద్దు. తెగిన గీతకు ఒక పేరు పెట్టు. ఈ షీటులో తెగిన చోట అదే పేరు, ఆ షీటులో మొదలైన చోట అదే పేరు. షీట్లు ఏ వరసలో ఉంటే మనకేంటి?" అన్నాను.

ఆమె కుర్చీ తిప్పి నన్ను చూసింది. "అన్ని పేర్లు యాడికెల్లి తేవాలె సార్? సినిమా హీరోలవి పెడదామా?"

వద్దన్నాను. ఏ హీరోను శవాల గదికి పెట్టినా మేస్త్రి మనుషులు కొట్టుకు చస్తారు. ఇంకెవరి పేర్లు ఉన్నాయా అని ఆలోచించవలసిన పని నాకు పడలేదు. అవి నా నాలుక మీదే ఉన్నాయి. చిన్నప్పుడు బాపు రాత్రిళ్ళు మంచంలో పడుకుని పోయినవాటిని ఒక్కొక్కటే తలుచుకునేవాడు.

ఆపరేషన్ గదికి బాయికింది మడి అని చెప్పాను. మా పొలాల్లోకెల్లా శ్రేష్ఠమైనది, ఏ ఏడూ ఎండని వరిపొలం. పెద్ద డాక్టరుకు గడిముందరి చెల్క, అంటే వానకు పండే మెట్టపొలం. వార్డులకు తుమ్మల చెల్క, రేగడి చెల్క. వంటింటికి మిరపతోట. శవాల గదికి ఏమీ పండని పలుగురాళ్ళ బీడు. రక్తం గదికి ఎర్రమట్టి చెల్క. అమ్మాయి వేళ్ళు ఆగకుండా కొడుతూ పోయాయి. కాన్పుల గది దగ్గర నేనే ఆగాను. కొంచెం ఆలోచించి అవ్వతోట అన్నాను. మా నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న జామమొక్కలు నాటిన జాగా అది. అన్నిటికంటే చివర పోయింది.

"గివన్ని మీవేనా సార్?"

"మావే" అన్నాను. వెన్ను నిటారుగా పెట్టి, "ఒకప్పుడు" అని చేర్చాను.

ఆమె ఆటపట్టిస్తుందనుకున్నాను. తెర వైపు తిరిగి, "మా నాయిన మందను గసుంటి చెల్కలల్లనే పెడ్తడు. పేర్లు గిట్లనే ఉంటయి" అని మాత్రం అని, అవ్వతోటకు రెండు చోట్లా తప్పులేకుండా పేరు కొట్టింది.

మేస్త్రి కొత్త షీట్లు చూసి మొదట అనుమానపడ్డాడు. రెండు షీట్లు పక్కపక్కన పెట్టి రేగడి చెల్కకు రేగడి చెల్క కలిపి చూసుకున్నాడు. వెంటనే నిచ్చెన తెప్పించుకున్నాడు. మేం చెప్పకుండానే ప్యానెల్ బోర్డు మీద ఒక్కో స్విచ్చు కింద ఆ పేర్లను తెల్ల రంగుతో రాయించాడు కూడా. అది చూసి సాబ్ తల పట్టుకున్నారు.

తనిఖీకి వచ్చిన పెద్ద ఇంజనీరు సన్నటి, నవ్వని మనిషి. బోర్డు ముందు నిలబడి పేర్లన్నీ పైకి చదివారు.

"ఏందిది? దవాఖాననా, పట్వారి కచ్చీరా?"

సాబ్ నా వైపు చూశారు. నేను ముందుకు వచ్చి పద్ధతి వివరించాను. సంజాయిషీ ఇచ్చే అలవాటు లేనివాణ్ణి కాబట్టి వివరణగానే చెప్పాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు. షీట్ల కట్ట విప్పించి కాన్పుల గదిలో బల్ల మీద పరచమన్నారు. మేస్త్రిని స్విచ్చు వేయమన్నారు.

ఈసారి కాన్పుల గదే వెలిగింది. దీపాలతోపాటు ఫ్యాన్లూ ఒక్కసారిగా వేగంగా తిరిగాయి. బల్ల మీది షీట్లు లేచి గది నిండా ఎగిరాయి. కొన్ని కిటికీ దాటి వరండాలో పడ్డాయి. సాబ్, అమ్మాయి, కాపలా ముసలాయన వాటి వెంట పడ్డారు. నేను పరిగెత్తలేదు. అక్కడ పరిగెత్తనివాళ్ళం ఇద్దరమే, పెద్ద ఇంజనీరు, నేను. ఏరి తెచ్చిన కట్టలో కింది షీటు పైకి, పైది కిందికి, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. అమ్మాయి వరస పెట్టబోయింది.

"వద్దు. అట్లనే ఉండనీ" అన్నారాయన.

ఆ కట్టలోంచి చేతికందిన షీటు తీశారు. అంచున తెగిన ఒక గీత మీద వేలు పెట్టారు. ఎర్రమట్టి చెల్క. మిగతా షీట్లను తనే తిరగేసుకుంటూ పోయి, దాని జోడును పట్టుకున్నారు. అక్కడి నుంచి ఎటు పోతుందో చూసి, ఆ స్విచ్చు వేయించి, వెళ్ళి రక్తం గదిలో దీపం వెలుగుతోందో లేదో చూసి వచ్చారు. మళ్ళీ ఒకటి తీశారు. మళ్ళీ వెళ్ళి చూసి వచ్చారు. పలుగురాళ్ళ బీడు వరకూ పోయి, అక్కడ గుమ్మంలోంచే చూసి తిరిగొచ్చారు. ఆ తిరుగుళ్ళలో ఎక్కడో ఆయన ముఖం కొంచెం మెత్తబడింది.

"పక్కన నంబర్లు కూడ రాయుండ్రి, మా ఫైలు కోసం. పేర్లు తీయకుండ్రి" అన్నారు. జీపు ఎక్కబోతూ నన్ను దగ్గరకు పిలిచి, "బాయికింది మడి ఎన్ని ఎకరాలు?" అని మెల్లగా అడిగారు. చెప్పాను. "మాక్కూడ ఒకటుండె" అని ఎక్కి కూర్చున్నారు.

ఆ రెండు దవాఖానలూ మాకే వచ్చాయి. వాటికి సరిపడా పొలాలు మా వంశానికి లేకపోవడంతో ఒకదానికి సాబ్ వాళ్ళ చుట్టాల మామిడి తోటలు, ఇంకోదానికి అమ్మాయి తండ్రి గొర్రెల పేర్లు వాడుకున్నాం. నా కుర్చీకి కొత్త చెయ్యి వేయించారు. పెద్ద బొమ్మను చుట్టి బీరువా మీద పెట్టాను. నేను పదవీ విరమణ చేసే రోజున సాబ్ దాన్ని దించి, "నీ చాప తీస్కపో దొరా" అని చేతికిచ్చారు.

మొన్నామధ్య మా తమ్ముడి కోడలు కాన్పుకు అచ్చంపేట దారిలోని ఆ మొదటి దవాఖానలోనే చేరింది. వరండాలో ప్యానెల్ బోర్డు కింద బెంచీ మీద కూర్చున్నాను. బోర్డుకు ఎన్నిసార్లో రంగు వేసినట్టుంది. అక్షరాలు మారాయి, పేర్లు మారలేదు. మా ఊళ్ళో ఇప్పుడు ఆ పేర్లు ఎవరూ పలకరు. ఆ నేలంతా ప్లాట్లు, ప్లాట్లన్నిటికీ నంబర్లు.

కొంతసేపటికి టెస్టరు జేబులో పెట్టుకుని ఒక యువకుడు వచ్చాడు.

"పెద్దసారు, జర జరుగుండ్రి. బాయికింది మడి బంద్ పెట్టాలె. లోపట బల్బు మార్చేదుంది."

ఆ పేరేమిటని అడిగాను.

"ఆపరేషన్ గది లైను. మొదటిసంది గదే అంటరు."

ఎందుకలా అంటారన్నాను.

"ఎర్క లేదు సారు. నాకు పని నేర్పినాయిన గట్లనే అన్నడు, నేను గట్లనే అంటున్న."

పక్క స్విచ్చు కింద అవ్వతోట అని ఉంది. దాని చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. లోపల మా కోడలు ఉంది.

మా తాత అయితే, బాయికింది మడిని బంద్ పెట్టడానికి నువ్వెవరివి అని అడిగేవాడు. నేను వెన్ను నిటారుగానే ఉంచుకుని, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాను.